విశ్వకిరణముల పుట్టినిల్లు

క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలిని ఇరుగుపొరుగు స్త్రీలు మొట్టమొదట అడుగునది, "అమ్మాయీ, నీ పుట్టినిల్లెక్కడ?" అని. ఆమె ఒక్క మాటలో బదులు చెప్పును. కాని నూటపది సంవత్సరములకు పైగా శాస్త్రజ్ఞులు అదే ప్రశ్నను కొందరు వింత అతిథులను అడుగుచున్నను పూర్తిగా బదులు దొరకలేదు. ఆ అతిథులే విశ్వకిరణములు. కాస్మిక్ కిరణములని కూడ వాడుక. అవి అంతరిక్షమునుండి రేయింబవళ్లు భూమిపై పడుచునే యుండును. వాని సంతతియగు సూక్ష్మకణములు ఇంటికప్పును దాటి, మన దేహములను దాటి, నేలలోనికి దిగిపోవుచుండును. ఈ పత్రికను పట్టుకొనియున్న మీ అరచేతిగుండ ఈ క్షణమునందును సెకనునకు సుమారు ఒకటి చొప్పున పోవుచున్నవి. నొప్పి లేదు, చప్పుడు లేదు, కంటికి కానరావు.

ఈ విషయము మా యింట చర్చకు వచ్చుటకు ఒక కారణము కలదు. మేము నివసించునది హైదరాబాదునకు పడమటనున్న మాధాపురము. 1998వ సంవత్సరమున సైబర్ టవర్సు అను భవనము ప్రారంభమైనది మొదలు ఈ ప్రాంతమునకు హైటెక్ సిటీ యను పేరు వచ్చినది. అంతకుముందు ఇక్కడ బండరాళ్లును, సీతాఫలపు పొదలును ఉండెడివట. ఇప్పుడు అద్దాల మేడలు లేచినవి. ఇక్కడి కుటుంబములలో పిల్లల చదువునుగూర్చిన మాట ఎక్కడ ఆరంభమైనను కంప్యూటరు దగ్గర ముగియును. మా యింటనుండి చదువుకొనుచున్న మా ఆడపడుచు కుమార్తె, ఇంటర్మీడియెటులో మంచి మార్కులు తెచ్చుకొని, తాను కంప్యూటరు చదువు చదువననియు, భౌతికశాస్త్రము చదివి విశ్వకిరణముల సంగతి తెలిసికొనెదననియు పట్టుపట్టినది.

తండ్రికి ఖమ్మములో చిన్న బట్టల కొట్టు. ఆ పిల్ల అన్న, అద్దాల మేడలలో నొకదానియందు ఉద్యోగము చేయుచుండి, ఒక ఉదయమున వచ్చిన ఉత్తరముతో పని పోగొట్టుకొని ఆరు నెలలుగా ఇంటనే యుండెను. "కూడు పెట్టు చదువు చదివినవానికే ఇట్లైనది; ఎక్కడిదో తెలియని కిరణముల చదువు నీకేమి పెట్టును?" అని తండ్రి అడుగుటలో తప్పేమున్నది? "అన్నయ్య చదివినదే చదివిన అన్నయ్యకు వచ్చినదే నాకును వచ్చును గదా" అని పిల్ల బదులు చెప్పుటలోను తప్పు కనబడలేదు. ఆ పిల్ల కోరునదేమో తెలియకుండ అవుననుటయు కాదనుటయు న్యాయము కాదని, మేమును మా తోడికోడలును రాత్రి వంటయిల్లు సర్దిన తరువాత ఆమెయొద్ద కూర్చుండి వినుటకు ఆరంభించితిమి. అన్న కూడ వచ్చి కూర్చుండెడివాడు. అట్లు తెలిసికొనినదానిలో కొంత సోదరీమణులకు విన్నవించెదము.

మొదట ఈ కిరణములు భూమినుండియే పుట్టుచున్నవని పండితులు తలచిరట. అట్లు తలచుటకు ఆధారము లేకపోలేదు. మా మాధాపురపు బండరాళ్లనే తీసికొనుడు. ఈ గ్రానైటు రాతిలో పొటాషియము, యురేనియము, థోరియము అను ధాతువులు స్వల్పముగా నుండి గామా కిరణములను నిరంతరము వెడలించుచుండును. భూమినుండియే వచ్చుచున్నవైనచో, పొయ్యికి దూరమైన కొలది సెగ తగ్గునట్లు, పైకి పోయిన కొలది కిరణములు తగ్గవలెను గదా! 1912 ఆగస్టు 7వ తేదీన ఆస్ట్రియా దేశీయుడగు విక్టర్ హెస్ అను పండితుడు పరికరములతో బెలూను నెక్కి 5 కిలోమీటర్లకు పైబడిన యెత్తునకు పోయి చూచెను. కిరణములు తగ్గుటకు మారుగా పెరిగినవి. అవి పైనుండి వచ్చుచున్నవని తేలినది. సూర్యునినుండి యేమో యని, ఆ సంవత్సరమే ఏప్రిల్ నెలలో పాక్షిక సూర్యగ్రహణ సమయమునందును బెలూను నెక్కి పరీక్షించియుండెను. చంద్రుడు సూర్యుని కప్పినను కిరణములు తగ్గలేదు. కావున సూర్యుడు వీనికి ముఖ్యమైన పుట్టినిల్లు కాదు. ఈ పరిశోధనకే హెస్ పండితునకు 1936లో నోబెలు బహుమానము లభించినది.

కిరణములను పేరే కాని ఇవి వెలుగు కిరణములు కావు. మహావేగముతో పరుగెత్తు కణములు. నూటికి సుమారు తొంబది ప్రోటానులు, అనగా హైడ్రోజను పరమాణువు యొక్క కేంద్రకములు. తొమ్మిది హీలియము కేంద్రకములు. తక్కినవి బరువైన కేంద్రకములును ఎలక్ట్రానులును. అట్టి కణమొకటి వాయుమండలపు పైభాగమున గాలి పరమాణువును ఢీకొనగానే అది పగిలి అనేక కణములగును. అవి మరల పగులును. చిచ్చుబుడ్డి రవ్వలవలె ఆ జల్లు క్రిందికి దిగును. అందు మ్యూవానులను కణములు నేలను చేరును. మన అరచేతిని దాటిపోవునవి యివియే.

"చూడనిదానిని నమ్ముట యెట్లు?" అని మా అత్తగారు ఒకనాడు అడిగిరి. పిల్ల మరుసటి ఆదివారము చూపెదనని చెప్పి, అన్నను వెంటబెట్టుకొని ఐస్‌క్రీము నిలువచేయువారియొద్దనుండి డ్రై ఐసు, అనగా గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువును, తెచ్చినది. మా ఆవకాయ గాజుజాడీని కడిగి, అడుగున ఉన్నిగుడ్డ నంటించి, దానిని స్పిరిటుతో తడిపి, నల్లని పళ్లెముపై బోర్లించి, పళ్లెము క్రింద ఆ గడ్డలను పరచినది. దీపములార్పి ప్రక్కనుండి టార్చిలైటు వేసినది. మొదట పది నిమిషములేమియు కనబడలేదు. పిమ్మట జాడీ అడుగున సన్నని మంచు పేరుకొనినది. ఆ మంచులో ఒక తెల్లని గీత పుట్టి, క్షణములో చెదరిపోయినది. మరల నొకటి. కొన్ని పొట్టివి, లావైనవి. అవి గాలిలోని రేడాను వాయువునుండి వచ్చినవట. కొన్ని వంకరపోవునవి ఎలక్ట్రానులు. నడుమ నడుమ జాడీ ఈ కొసనుండి ఆ కొసకు సూటిగా సన్నని గీత పడుచుండెను. అది మ్యూవాను నడచిన దారి. మా అత్తగారు చాలసేపు రెప్ప వేయక చూచి, "ఏకునుండి పోగు తీసినట్లున్నదే!" అనిరి. ఆ రాత్రి మా యింట భోజనములు పదిగంటలకు గాని కాలేదు.

ఆ రాత్రియే పిల్ల అన్న మరియొక సంగతి చెప్పెను. కంప్యూటరు తన జ్ఞాపకమును ఒకట్లుగాను సున్నలుగాను దాచుకొనును. విశ్వకిరణముల జల్లులోని కణమొకటి, ముఖ్యముగా న్యూట్రాను, వచ్చి తగిలినచో అరుదుగా ఒకటి సున్న యగును, సున్న ఒకటి యగును. ఇట్లు జరుగుటకు వీలున్నదని 1979లోనే పండితులు లెక్కకట్టి చూపిరి. 2003వ సంవత్సరమున బెల్జియము దేశపు ఎన్నికలలో ఒక అభ్యర్థికి యంత్రము 4,096 ఓట్లు అధికముగా చూపినది. ఎంత వెదకినను యంత్రమున వేరు లోపము కనబడకపోవుటచే విశ్వకిరణమే కారణమై యుండునని ఊహించిరి. కనుకనే పెద్ద కంప్యూటర్లలో ఇట్టి తప్పులను తమంతట సవరించుకొను ఏర్పాటు ఉండును. "మేము ఆ ఏర్పాటును నమ్ముకొని పని చేయుచుంటిమి గాని, ఆ కణము ఎక్కడినుండి వచ్చినదని నేనెన్నడు అడుగలేదు" అని అతడు చెల్లెలివైపు చూచి నవ్వెను.

ఎక్కడినుండి వచ్చినదని చెప్పుట యేల కష్టము? కణమునకు విద్యుదావేశము కలదు. మన నక్షత్రవీధి యంతటను అయస్కాంత క్షేత్రములు వ్యాపించియున్నవి. అవి ఆ కణమును అడుగడుగునను మరలించుచుండును. లక్షల సంవత్సరములు అటునిటు తిరిగి తిరిగి అది భూమిని చేరును. సికింద్రాబాదు స్టేషనులో దిగిన ప్రయాణికుడు ఏ వైపునుండి రైలు వచ్చినదో చెప్పగలడు. కాని అతడు పది రైళ్లు మారి వచ్చినవాడైనచో, కడపటి రైలునుబట్టి అతని ఊరెట్లు తెలియును? విశ్వకిరణపు సంగతియు నట్టిదే.

ఇక్కడనే గామా కిరణములు మనకు తోడ్పడును. గామా కిరణము నిజముగా వెలుగే. కంటికి కానరాని, మిక్కిలి శక్తిగల వెలుగు. దానికి విద్యుదావేశము లేదు. అయస్కాంతము దానిని మరలింపజాలదు. బయలుదేరిన చోటినుండి సూటిగా వచ్చును. విశ్వకిరణములు పుట్టినచోటనే చుట్టునున్న వాయువును ఢీకొనినపుడు పయానులను కణములు పుట్టును. వానిలో ఆవేశము లేని పయాను క్షణకాలమైనను నిలువక రెండు గామా కిరణములుగా మారిపోవును. కనుక గామా కిరణములు వచ్చు దిక్కును చూచినచో, విశ్వకిరణములు ఎక్కడ పుట్టుచున్నవో ఊహింపవచ్చును. ఏ యింటి కప్పుపై పొగ లేచుచున్నదో ఆ యింట పొయ్యి రాజినదని వీధిలోనుండియే తెలిసికొనుట లేదా?

అయితే పొగలన్నియు నొకటి కావు. కట్టెపొగ వేరు, పిడకపొగ వేరు. వేగముగా పోవు ఎలక్ట్రానులు కూడ గామా కిరణములను పుట్టించును. కనబడినది ప్రోటానుల పొయ్యియా, ఎలక్ట్రానుల పొయ్యియా యని తేల్చుట చాలకాలము సాధ్యము కాలేదు. పెద్ద నక్షత్రములు తమ జీవితాంతమున బ్రద్దలగుటను సూపర్నోవా యందురు. విశ్వకిరణములు వీనినుండి పుట్టుచుండునని బాడె, జ్వికీ యను పండితులు 1934లోనే ఊహించిరి. కదలుచున్న అయస్కాంత మేఘములకు తగిలి తగిలి కణములు వేగము పుంజుకొనునని ఎన్రికో ఫెర్మి 1949లో చెప్పెను. ఆయన పేరనే 2008లో ఆకాశమునకు పంపిన ఫెర్మి ఉపగ్రహము, వేలయేండ్ల క్రిందట బ్రద్దలైన రెండు నక్షత్రముల శేషములను కొన్ని సంవత్సరములు చూచినది. ఒకటి మిథునరాశియందలి ఐ.సి. 443, రెండవది గరుడ నక్షత్రమండలమందలి డబ్ల్యు 44. పయానులనుండి పుట్టిన గామా కిరణములకు మాత్రమే ఉండు గుర్తు ఆ రెంటియందును కనబడినదని 2013లో ప్రకటించిరి. ప్రోటానులు అక్కడ వేగము పొందుచున్నవని రుజువైనది. విశ్వకిరణములకు ఒక పుట్టినిల్లు దొరకినది.

ఈ గామా కిరణములను చూచు పనిలో మన నగరమునకే భాగమున్నదని తెలిసి మేము ఆశ్చర్యపడితిమి. హైటెక్ సిటీ నగరమునకు పడమటనుండగా, తూర్పువైపున ఇ.సి.ఐ.ఎల్. కలదు. 1967లో స్థాపింపబడిన ఈ ప్రభుత్వ సంస్థకు మూలపురుషుడు పశ్చిమగోదావరి జిల్లాలో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు. ఆ ప్రక్కనున్న ఏ.ఎస్. రావు నగరు ఆయన పేరిటిదే. ఆ పేటలో బంధువులున్నను ఆ అక్షరములు ఎవరివని మేమింతవరకు ఆలోచింపలేదు. ఆ దరినే టాటా పరిశోధనసంస్థవారి బెలూను కేంద్రము కూడ కలదు. హైదరాబాదునుండి శాస్త్రపరిశోధనకై బెలూనులు ఎగురవేయుట 1959లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణలో ఆరంభమైనది. మన ప్రాంతము భూమి యొక్క అయస్కాంత మధ్యరేఖకు సమీపమున నుండుటచే, బలము తక్కువైన విశ్వకిరణములను భూమి అయస్కాంతమే తరిమివేయును. సందడి లేని యింట మెల్లని మాటయు వినబడునట్లు, ఇక్కడ పైకెగసిన పరికరములకు గామా కిరణములు, ఎక్స్ కిరణములు చక్కగా చిక్కును. పలుచని ప్లాస్టిక్ బెలూనులు 30, 40 కిలోమీటర్ల యెత్తునకు పోయి, పని ముగిసిన పిమ్మట పరికరములు పారాచూటుతో ఏ పల్లె పొలములోనో దిగును. వింతపెట్టె కనబడినచో ముట్టక, పోలీసువారికి తెలుపుడని పత్రికలలో ప్రకటించుచుందురు. పల్లెలలోని సోదరీమణులు దీనిని గుర్తుంచుకొనవలెను.

గామా కిరణములను నేలనుండి చూచుటకు మరియొక ఉపాయము కలదు. గామా కిరణము గాలిని తాకగానే అదియు కణముల జల్లుగా మారును. ఆ కణములు గాలిలో వెలుగు పోవు వేగమునకంటె వేగముగా పోవుటచే మిక్కిలి మందమైన నీలపు వెలుగు పుట్టును. దానిని చెరెంకోవ్ కాంతి యందురు. అది సెకనులో వందకోట్లవ వంతులు కొన్ని మాత్రమే నిలుచును. దానిని పట్టుటకు గొప్ప అద్దము, చీకటి రాత్రి, నిర్మలమైన గాలి కావలెను. అట్టి దూరదర్శినిని, మేస్ అను పేరిట, భాభా అణుపరిశోధన కేంద్రమువారు ఇ.సి.ఐ.ఎల్. మొదలగువారి సహాయముతో నిర్మించిరి. దాని అద్దపు అడ్డుకొలత 21 మీటర్లు. అద్దము ఒక్కటి కాదు, 356 పలకలు కలిపి కూర్చినది. 1,088 కాంతిగొట్టములు దానికి కన్నులు. మన హైదరాబాదులో తయారైన ఈ యంత్రమును భాగములుగా విప్పి, సుమారు 4,300 మీటర్ల యెత్తున లదాఖులో నున్న హాన్లే యను చోటికి తరలించి, అచ్చట మరల కూర్చిరి. 2024 అక్టోబరు 4న అది ప్రారంభింపబడినది. ఆసియా ఖండమున ఇట్టి దూరదర్శినులలో ఇదియే పెద్దది. అద్దాల మేడలను చూచి ఇదియే నగరమనుకొనిన మాకు, అదే నగరమున ఆకాశమును చూచుటకు కూడ అద్దములు కూర్చినారని వినుట సంతోషము కలిగించినది.

ఇంతమాత్రముచే కథ ముగిసినదని అనుకొనరాదు. చైనా దేశపు పర్వతములపై, 4,400 మీటర్ల యెత్తుననున్న లాసో పరిశోధనశాలవారు 2021లో మహాశక్తిగల గామా కిరణములు వచ్చు 12 చోటులను కనుగొనిరి. హంస నక్షత్రమండలమున యువనక్షత్రముల గుంపును చుట్టియున్న ఒక పెద్ద బుడగనుండి అట్టి కిరణములు వచ్చుచున్నవని 2024లో ప్రకటించిరి. కనుక పుట్టినిల్లు ఒక్కటి కాక అనేకములై యుండును. అమెరికాలోని యూటా రాష్ట్రమున 2021 మే 27న ఒక కణము పడినది. దానికి జపాను దేశపు సూర్యదేవత పేర అమతెరాసు అని పేరిడిరి. ఒక్క ప్రోటానువంటి కణములో విసరిన ఇటుకరాయికున్నంత శక్తి! అది వచ్చిన దిక్కున చూచిన, గెలాక్సీలు దాదాపు లేని శూన్యప్రదేశమే కనబడినది. దాని పుట్టినిల్లు ఇంతవరకు ఎవరును చెప్పలేదు.

ఆ పిల్ల బల్లపై నొక స్త్రీ చిత్రపటము కలదు. ఆమె పేరు బిభా చౌధురి. 1913లో కలకత్తాలో జన్మించి, 1936లో ఎం.యస్సీ. పట్టము పొందినది. గురువగు దేవేంద్రమోహన్ బోసుగారితో కూడి డార్జిలింగు, సందక్‌ఫు కొండలపై ఛాయాచిత్రపు పలకలను నెలల తరబడి ఉంచి, విశ్వకిరణముల గుర్తులను వానిపై చదివినది. యుద్ధకాలమున మేలైన పలకలు దొరకక ఆ పని ఆగిపోయినది. ఆ మార్గమునే మేలైన పలకలతో నడచిన సిసిల్ పవెల్ అను ఆంగ్లేయునకు 1950లో నోబెలు బహుమానము వచ్చినది. బిభాదేవి 1991లో గతించినది. బ్రదికియుండగా ఆమె పేరెరిగినవారు తక్కువ. 2019లో ఒక నక్షత్రమునకు బిభా అని పేరు పెట్టిరి. ఈ కథ విని మా అత్తగారు, "నక్షత్రమునకు పేరు పెట్టుటకంటె ఆనాడు మంచి పలకలు తెప్పించి యిచ్చియున్న బాగుండెడిది" అనిరి. ఆ మాట ఖమ్మమునుండి వచ్చియున్న పిల్ల తండ్రి చెవిని కూడ పడినది. ఆయన అప్పుడేమియు పలుకలేదు.

రెండు దినములైన పిమ్మట ఆయన తన నిర్ణయమును తెలిపెను. నగరములోని ఒక స్త్రీల కళాశాలయందు బి.యస్సీ. లో చేర్పించుటకు ఒప్పుకొనెను. మూడేండ్ల జీతము తాను కట్టుననియు, ఆ పిమ్మట ప్రవేశపరీక్షలో నెగ్గి విద్యార్థివేతనము సంపాదించుకొనవలెననియు, అది కానియెడల బి.ఎడ్. చదివి ఉపాధ్యాయినిగా పని చేయవలెననియు షరతు పెట్టెను. ఇందు కఠినమేమియు లేదు. కలిగిన దానిలో ఆయన చేయగలిగినది ఇదియే. అన్నకు పూర్వమునకంటె తక్కువ జీతమునకు వేరొకచోట పని దొరకినది. పిల్ల ఇప్పుడు రెండవ సంవత్సరము చదువుచున్నది. ముందేమగునో మేము చెప్పజాలము. లెక్కలు కష్టముగా నున్నవని అప్పుడప్పుడు కన్నీరు పెట్టుకొనును. మరల పుస్తకము తీయును.

సోదరీమణులారా, మన ఆడపిల్లలు ఏదైన అడిగినపుడు "అది నీకెందుకు?" అనుట మన యిండ్లలో వాడుకయైపోయినది. పిల్ల అడుగునది కూడు పెట్టునా లేదా యని తండ్రులు విచారింతురు. అది వారి ధర్మము. కాని పిల్ల ఏమి అడుగుచున్నదో ముందు విని తెలిసికొనుట మన పని. పది రాత్రులు కూర్చుండి వినిన చాలును. కాని మాట చెప్పవలసివచ్చినను తెలిసి చెప్పినట్లగును. ఇక విశ్వకిరణముల విషయమందురా, అమతెరాసు యొక్క పుట్టినిల్లును వెదకి చెప్పువారు ఇంకను రావలసియున్నారు. ఆ పని మిగిలియుండుట మన పిల్లల అదృష్టము.